ఎండుద్రాక్ష వేసే దేవదూత

నేమాన్ ఏటి ఒడ్డున మా ఊళ్ళో యూదుల పిల్లలకు హీబ్రూ బడి అంటే మా వంటింటి బల్లే. పంతులు మా ఆయన జుండెల్. కొత్తగా చేరినవాడు మొదటి అక్షరం ఆలెఫ్ పలకగానే, మా ఆయన వెనక నిలబడి, వాడి నెత్తిమీదుగా పుస్తకం మీదికి నశ్యం అంటిన వేళ్లతో ఎండుద్రాక్ష విసురుతాడు. "దేవదూత వేశాడురా!" అంటాడు. పిల్లలు నోరు తెరుచుకుని పైకి చూస్తారు. ఏళ్ల తరబడి ఇదే తంతు. ద్రాక్ష కొనేది మాత్రం నేను.

మొన్న చేరిన కల్మన్‌కి నాలుగేళ్లు. అన్నీ అనుమానాలే.

"పంతులుగారూ, దేవదూత నశ్యం పీలుస్తాడా? ద్రాక్ష నశ్యం కంపు కొట్టిందని మా అన్న చెప్పాడు."

"నోర్మూసుకుని అక్షరం చూడు."

"అంత పైనుంచి పడితే చితికిపోదా?"

"ముందు ఆలెఫ్ అనరా, గాడిదా!"

"ఆలెఫ్!" అని అరిచి వాడు పైకి చూశాడు.

మా ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. ఖాళీ. పొద్దున తనే మెక్కేసి ఉంటాడు, తిండిపోతు! పిల్లవాడి పెదవి వణికింది. నాకు ఒళ్లు మండిపోయింది. సబ్బాతు పండగ రొట్టెలోకి దాచుకున్న ద్రాక్ష పిడికెడు తీసి, వాళ్ల వెనకున్న పొయ్యి దగ్గర నుంచే ఇద్దరి నెత్తిమీదుగా విసిరాను. పుస్తకం మీద టపటపా రాలాయి.

కల్మన్ ఒకటి తీసి వాసన చూశాడు. "నశ్యం వాసన లేదే!" అని నోట్లో వేసుకున్నాడు.

మా ఆయన గడ్డం పైకెత్తి, నోరు తెరుచుకుని, ఇంటి దూలాల వంక చూస్తున్నాడు.