రెండు వేళ్ళ ఇసుక

ఖతర్ ఉత్తరపు కొసన అల్ రువైస్ రేవులో నవంబరులో దిగాను. ఉదయం ఆరు. ఉత్తరపు గాలి, నోటినిండా ఉప్పు. చమురు డబ్బు పొంగుతున్న రోజులు. పటాలం నుంచి పెన్షన్ పుచ్చుకున్న నాకు గోడౌన్ల కాపలా ఇచ్చారు. ఒక లాఠీ, ఒక టార్చి, పన్నెండు గంటల డ్యూటీ. కిరాణా కొట్టు ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, బేరమాడి మూడో దుప్పటి సాధించాను. ఖతర్‌లో నా విజయాలు అంతటితో సరి.

పోస్టులో తోడు సిరిసిల్ల వైర్‌లెస్ ఆపరేటరు. పక్క క్యాబిన్‌లో యుగోస్లావియాలోని స్లోవేనియా నుంచి వచ్చిన క్రేన్ మెకానిక్. కూలీల దగ్గర హిందీ నేర్చాడు. తన చిన్న ఊరి గురించి రోజూ చెప్పేవాడు. రెండు ఏర్లు కలిసేచోట రాతి వంతెన. దాటగానే అంగడి చౌరస్తా. వెనక గుట్ట మీద పాత కోట. గుట్టకూ ఏటికీ నడుమ ఒకే వీధి. వీధి చివర వాళ్ళమ్మ ఇల్లు.

ఒక మధ్యాహ్నం ఆపరేటరు రేడియో వింటూ అన్నాడు. "అన్నా, ఈయన దేశంల వారం సంది వానలట. ఏర్లు పొంగినయట."

మెకానిక్‌కు హిందీలో చెప్పాను. నాలుగింటికి దోహా లారీ ఉంది. అక్కడ ఫోను, దొరికితే విమానం. కానీ చెప్పకుండా పోతే ఉద్యోగం పోతుంది. "హవల్దార్, నీళ్ళు మా ఇంటిదాకా వస్తాయా?" అని మెకానిక్ నన్నడిగాడు.

పటాలంలో దాడికి ముందు ఆ నేలను ఇసుకలో కట్టి చూసుకుంటాం. గోడౌన్ నీడలో తడి ఇసుకతో అతని ఊరు కట్టాను. ఏర్లకు చాళ్ళు, ఇంటికి అగ్గిపెట్టె. మనిషి ఎత్తుకు ఒక వేలు లెక్క అని అతనికి చెప్పాను.

"వంతెన కన్నా ఇల్లు ఎంత ఎత్తు?"

"ఒక మనిషి."

మెకానిక్ అగ్గిపెట్టె వంకా లారీ వచ్చే దారి వంకా మార్చి మార్చి చూశాడు. నీళ్ళ క్యాన్ కోసం అటు తిరగగానే అగ్గిపెట్టె కింద ఇంకో రెండు వేళ్ళ ఇసుక నొక్కాను. తక్కెడ మీద బొటనవేలు వెయ్యడం మా ఇంటి విద్య. ఆ రోజు మొదటిసారి ఉచితంగా వేశాను.

నీళ్ళు పోశాడు. చౌరస్తా మునిగింది. వీధి సగం మునిగింది. అగ్గిపెట్టె తడవలేదు.

"గా ఇల్లు గంత మీదికి ఎట్లెక్కె, సావుకారీ?" అన్నాడు ఆపరేటరు మెల్లగా.

"ఊకో."

మెకానిక్ నవ్వి క్రేన్ ఎక్కాడు. లారీ అతను లేకుండానే వెళ్ళింది. ఆ ఊరిని మాత్రం టార్పాలిన్ కప్పి దాచుకున్నాడు.

నాలుగో రోజు పదింటికి వైర్‌లెస్ మోగింది. ఆపరేటరు చీటీ రాసుకుని నాకేసి చూశాడు. "తల్లి నీళ్ళల్ల పోయిందట. నిన్ననే మట్టి చేసిన్రట."

చీటీ నేనే ఇచ్చాను. చదివి టార్పాలిన్ తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని అగ్గిపెట్టె కింద వేళ్ళు అడ్డంగా పెట్టి కొలిచాడు. ఒకటి. రెండు. మూడు. నన్ను చూశాడు. నాలుగింటి లారీ ఎక్కాడు.

రెండేళ్ళకు ఇంటికొచ్చి మళ్ళీ కొట్లో కూర్చున్నాను. తక్కెడ తమ్ముడికి వదిలేశాను. ఎవరు అగ్గిపెట్టె అడిగినా దాని కింద మూడు వేళ్ళు కనిపిస్తాయి, మధ్యవేలి గోట్లో క్రేన్ గ్రీజు నల్లగా.