కాగితాల్లో కవలలు

మావారూ మా బావగారూ మస్కట్‌లో కవలలు, ఊళ్లో అన్నదమ్ములు. ఈ ముక్క ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వుకోండి. మొదట్లో నేనూ నవ్వాను, తర్వాత ఓపిక అయిపోయింది.

మావారికి పదిహేనేళ్లప్పుడు మా వైపు మిలటరీ భర్తీ పెట్టారు. పద్దెనిమిది నిండితే గాని తీసుకోరు. మనిషి పొడగరి, ఛాతీ కొలత సరిపోయింది, మీసం కూడా అప్పుడే మొలుస్తోంది. పుట్టిన తేదీ చెప్పమన్నాడట హవల్దారు. ఈయనకు తన తేదీ తెలిస్తే కదా! ఆ ఇంట్లో తొలిచూలు కొడుకు పుట్టిన రోజే లెక్క. ఏటా ఆ రోజే తలంటు, ఆ రోజే పరమాన్నం. రెండోవాడు ఎప్పుడు పుట్టాడో ఎవరూ రాసిపెట్టుకోలేదు. నోటికి వచ్చిన ఒకే ఒక్క తేదీ అన్నయ్యది, అదే చెప్పేశారు. మునసబు సంతకం పెట్టేశాడు. అన్నదమ్ముల మధ్య మూడేళ్ల తేడా ఆ పూటతో పోయింది.

పదిహేనేళ్లు మిలటరీ బండ్లు బాగుచేసి, పెన్షన్‌తో బయటికొచ్చి, కొన్నాళ్లు ఖాళీగా ఉండి, ఒమాన్‌లో ఒక సర్కారీ వర్క్‌షాప్‌లో మెకానిక్‌గా చేరారు. బావగారు అప్పటికే అక్కడ స్టోర్‌లో గుమస్తా. తమ్ముణ్ణి పిలిపించుకున్నది ఆయనే. అక్కడి పెద్ద ఆఫీసరును ముదీర్ అనేవారు. ఆ ముదీర్ ఇద్దరి పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి చూసి, ఉర్దూలో "అరె, మీరు కవలలా?" అని ఒకటే సంబరపడిపోయాడట. ముందు ఎవరు పుట్టారని అడిగితే బావగారు తడుముకోకుండా, "నేనే సాబ్, పావుగంట ముందు" అన్నారట. ఇక ఆ వర్క్‌షాప్‌లో ఉన్నన్నాళ్లూ ఆయన పేరు పావుగంట పెద్దన్న.

నేను చంటిపిల్లనెత్తుకుని ఎనభైల మొదట్లో వెళ్లాను. లేకలేక పుట్టిన పిల్ల. మస్కట్‌లోని రూవి పేటలో ఒకే బిల్డింగ్‌లో బావగారు వాళ్లు కింద, మేము పైన. పండగైనా పులుసైనా మెట్ల మీద గిన్నెలు తిరుగుతుండేవి.

ఆ ముదీర్ కూడా ఒకప్పుడు సిపాయే. సైన్యంలో చేసి ఈ వర్క్‌షాప్‌కి వచ్చిన ఒమానీలకు ఆ ఏళ్లన్నీ ఇక్కడి సర్వీసులో కలిసేవి. వాళ్లకు సెలవులు ఎక్కువ, పెన్షనూ ఎక్కువ. మావారు చూసి చూసి ఒకరోజు ఆశగా అడిగారు.

"సాబ్, నేనూ ఫౌజీనే. నా పదిహేనేళ్లు కలిపితే నాకూ సెలవు కాస్త పెరుగుతుందేమో?"

"నువ్వు చేసింది నా ఫౌజ్‌లో కాదు కదా సదీక్," అన్నాడట ముదీర్ స్నేహంగా భుజం తట్టి. "అది నీ దేశంతో తేల్చుకో."

న్యాయమే, కాదనను. కానీ చూడండి మా అదృష్టం. ఆ మిలటరీ సర్వీసు సెలవుకి పనికిరాలేదు, గ్రేడుకి పనికిరాలేదు. దాని కోసం రాయించుకున్న వయసు మాత్రం రిటైర్‌మెంట్‌కి చక్కగా పనికొచ్చింది.

తొంభైల చివర్లో, ఇద్దరికీ అరవై నిండుతున్నాయని ఒకే రోజు కబురొచ్చింది. బావగారికి నిజంగానే అరవై. ఈయనకు యాభై ఏడు. పిల్ల అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే చదువు నడిమధ్యలో పిల్లని లాక్కుని పోవాలి. నాకు అన్నం సయించలేదు.

"ఏవండీ, ఉన్న నిజం చెప్పేస్తే పోలా?" అన్నాను.

"చెబితే? పదిహేనేళ్లకే చేరానని బయటపడితే మిలటరీ పెన్షన్ మీదికొస్తుంది. ఇక్కడ మూడేళ్ల కోసం అక్కడ బతికినన్నాళ్లూ వచ్చేది పోగొట్టుకోమంటావా?"

అడకత్తెరలో పోకచెక్క అంటారే, సరిగ్గా అదీ మా పరిస్థితి.

అంతలో ముదీరే ఒక దారి చూపించాడు. స్థానికులకు ఉద్యోగాలు ఇవ్వాలని పై నుంచి ఒత్తిడి ఉందనీ, అయినా మూడేళ్ల ఎక్స్‌టెన్షన్ ఒకటి తెప్పించగలననీ చెప్పాడు. ఒకటే, రెండు కాదు. "ఇద్దరూ మెడికల్‌కి వెళ్లండి. ఎవరు గట్టిగా ఉంటే వాళ్లకి. కవలలకి ఇంతకంటే న్యాయం ఏముంటుంది?" అన్నాడట.

ఆ సాయంత్రం మెట్ల మీద మా తోటికోడలు నన్ను పట్టుకుంది.

"యాభై ఏడేళ్లాయన్నీ అరవయ్యేళ్లాయన్నీ పక్కపక్కన నిలబెట్టి పోటీ పెడతారా? ఎవరు గెలుస్తారో చంటిపిల్లకి కూడా తెలుసు!"

"నేనేం చెయ్యనక్కయ్యా? పిల్ల చదువు..."

"మీకు మిలటరీ పెన్షనుందే! ఇంటికెళ్తే మీకు నెలనెలా ఇంత వస్తుంది. మాకేముంది? ఈయన స్టోర్‌లో కాయితాలు తిప్పి తిప్పి ఏం కూడబెట్టారని? ఆ తేదీ కూడా మాదేనే, అప్పిచ్చాం మీకు!"

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పిచ్చారా, అడిగి తీసుకున్నారా ఎవరైనా, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేముంది? అదే ఇంకా మంట.

పైకొచ్చి చూస్తే మావారూ బావగారూ టీ తాగుతున్నారు. "నేను మెడికల్‌కి రాను అన్నయ్యా. నువ్వే వెళ్లు" అంటున్నారు ఈయన.

"నోర్మూసుకుని రా," అన్నారు బావగారు. "నువ్వు రాకపోతే వాళ్లు నాకిస్తారనా? షుగర్ ఒకటి, బీపీ ఒకటి, మోకాళ్లు సరేసరి. ఇద్దరికీ పోతుంది, అంతే. పిల్ల మొహం చూసుకోరా ముందు."

మెడికల్ ఫలితాలు ఇచ్చే రోజు నలుగురం ఒకే కారులో వెళ్లాం. వరండాలో బల్ల మీద నేనూ అక్కయ్యా చెరో చివర కూర్చున్నాం. డాక్టరు ఈజిప్టు మనిషి. పెద్ద గొంతు. ముదీర్ చెప్పిన పావుగంట కథ ఆయనకీ చేరింది. కాగితాలు పట్టుకుని బయటికొచ్చి ముందు మావారి వైపు చూశాడు. "అరవై ఏళ్లా? నమ్మలేకపోతున్నాను. నీ గుండె కుర్రవాడి గుండె. ఫిట్," అన్నాడు ఇంగ్లీషులో. తర్వాత బావగారి వైపు తిరిగాడు. ఇక చూడాలి! అందరి ముందూ, ఆ వరండాలో ఉన్న ప్రతివాడూ వినేలా మొదలెట్టాడు.

"ఒకే తల్లి, ఒకే రోజు, పావుగంట తేడా! మరి నువ్వేం చేసుకున్నావు నీ ఒంటిని? స్వీట్లు తిన్నావు, నడక మానేశావు. నీ తమ్ముణ్ణి చూసి సిగ్గు తెచ్చుకో!"

మావారు ముందుకి ఒక అడుగు వేశారు. పెదవులు కదిలాయి. ఆయన చెప్పేస్తారని నాకు తెలిసిపోయింది. బావగారు చూడకుండానే వెనక్కి చెయ్యి జాపి ఆయన మణికట్టు పట్టుకున్నారు.

"నిజమే డాక్టర్," అన్నారు తల వంచుకుని. "వాడు మిలటరీ మనిషి. నాకు శ్రద్ధ తక్కువ."

అక్కయ్య లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. ఒక్క మాట బావగారి నోటి నుంచి రాలితే మా పని అయిపోయేది. ఆ మనిషి చెయ్యని తప్పుకి చీవాట్లు తిని, మాట నొక్కేసుకుని, ఏమీ జరగనట్టు కారెక్కి, "ఆకలేస్తోందిరా, మత్రా బజారులో ఎక్కడైనా ఆపు" అన్నారు. నేను వెనక సీట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అక్కయ్య నా వైపు చూడలేదు గాని, దిగేటప్పుడు నా సంచీ తనే అందుకుంది.

వాళ్లు వెళ్లిపోయే రోజు ఎయిర్‌పోర్టులో అందరూ చూస్తుండగా మావారు వంగి అన్నయ్య కాళ్లు పట్టుకున్నారు. ఎప్పుడూ కంటనీరు పెట్టని మనిషి భోరుమన్నారు.

"లే, లే. నా తేదీ నాకిచ్చెయ్ ఇక. చాలా వాడావు," అన్నారు బావగారు నవ్వుతూ.

"ఇచ్చేస్తే నాకేముంటుంది అన్నయ్యా? నేనెప్పుడు పుట్టానో చెప్పడానికి అమ్మ కూడా లేదు."

బావగారు నవ్వు ఆపేశారు. "నేను అడిగానురా అమ్మని, ఆవిడ పోయే ముందు. తేదీ తెలీదంది. నాట్లు పడుతున్నాయంది. చేలో నుంచి అటే ఇంటికొచ్చి కన్నదట నిన్ను."

ఆ ఎక్స్‌టెన్షన్ మూడేళ్లూ ఈయన ఒక్క సెలవు తీసుకోలేదు. నేను అడగలేదు. పిల్ల పన్నెండో తరగతి అక్కడే పూర్తి చేసింది. ఆ మూడేళ్లలోనూ ఏటా ఒక్కసారి, రూవి ఎండలో రోడ్డు పొగలు కక్కే రోజుల్లో, ఊళ్లో టెలిఫోన్ బూత్ నుంచి బావగారు ఫోన్ చేసేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు, బిల్లు అవుతుందని భయం.

"ఒరేయ్, నాట్లు పడ్డాయిరా," అనేవారు. "మీ ఆవిణ్ణి పరమాన్నం వండమను."

నేను వండేదాన్ని.