తూకం చీటీ దారి తప్పిన రోజు

ముందే ఒప్పుకుంటున్నాను. చీమ కనబడితే దానికి తొండం పెట్టి చెప్పడం నా అలవాటు. సగం తీసేసి చదవండి.

జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల గది నాది. అక్కడున్న సర్వరు ఒకటే గానీ, దాని కడుపులో బోలెడు కంప్యూటర్లు. అన్నీ ఉత్తుత్తివే, పని మాత్రం నిజం. వాటి మధ్య కబుర్లు మోసే స్విచ్చి కూడా ఉత్తుత్తిదే. ఒక్కో కంప్యూటరుకు దానిలో ఒక్కో గుమ్మం. ఏ గుమ్మం నుంచి ఏ అడ్రసు పలికితే, ఆ అడ్రసు కంప్యూటరు ఆ గుమ్మంలోనే ఉందని నేర్చుకుంటుంది.

ఆ రోజు మా మేనేజరు తూకం చీటీలిచ్చే కంప్యూటరుకు నకలు తీసి పరీక్షకు పెట్టాడు. అడ్రసు మార్చలేదు. అసలుది పలికితే అటు, నకలు పలికితే ఇటు తిరిగి తిరిగి స్విచ్చికి మెడ పట్టేసింది. గేటు దగ్గర తూకం చీటీలు ఆగాయి. చీటీ లేనిదే లారీ కదలదు. లారీల వరస మహబూబ్‌నగర్ దాటి కృష్ణలో కాళ్లు కడుక్కుంది.

మొదటి లారీ డ్రైవరుది రామన్నపేట. సాయంత్రం ఆయన బిడ్డకు పూలుపండ్లు, పెళ్లి ఖాయం చేసుకునే వేడుక. మగపెళ్లివారు వచ్చేసరికి తండ్రి వాకిట్లో ఉండాలి. ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సారూ, చీటీ ఇస్తరా, లేకుంటె వియ్యంకులను గీడికే రమ్మనాల్నా? మీ గేటు ముందట్నే చాప పరుస్త."

"జర ఆగన్నా, అయితాంది."

"పొద్దుగాల సంది గదే మాట!"

మేనేజరుకు ఫోన్ చేశాను. "నకలును ముట్టకు, నా పరీక్ష మొదటికొస్తది" అన్నాడు. స్విచ్చి నేర్చుకున్నదంతా చెరిపాను. రెప్ప వేసేలోపు మళ్లీ తప్పే నేర్చుకుంది. కూర్చోలేను, నిలబడలేను. నా తిరుగుడుకు గచ్చు మోకాలిలోతు అరిగింది.

అప్పుడు తట్టింది. నకలున్న గుమ్మం దగ్గర నేర్చుకోవడమే ఆపేశాను. ఆ అడ్రసును అసలుదాని గుమ్మానికి చేత్తో కట్టేశాను. ఇక నకలు ఎంత అరిచినా స్విచ్చి చెవిన పెట్టలేదు. చీటీ వచ్చింది. డ్రైవరు దాన్ని లాక్కొని, చెప్పులు చేత పట్టుకొని ఉరికాడు.

చీకటి పడే వేళ ఫోన్ చేశాడు. "అందుకున్న సారూ, బిడ్డ ఒడిల పండ్లు పెడుతుంటె పక్కనే ఉన్న."

లారీల వరస గేటు మలుపు దాటలేదు, గచ్చు అరగలేదు. అవి పెంచినవి. పూర్తిగా అల్లింది మాత్రం ఆ ఫోను. ఆయన చేయలేదు. నంబరు ఉండి కూడా నేను చేయలేదు, వేళకు అందలేదంటాడేమోనని. గేటు దగ్గర హారన్ మోగితే ఇప్పటికీ లేచి కిటికీలోంచి చూస్తాను.