వేడినీళ్ళ కొలనులో కుంకుడు నురగ

మొన్న ఆదివారం నరసరావుపేట దాటాక రోడ్డు పక్కన కొత్తగా కట్టిన వేడినీళ్ళ కొలనుకి మా పాపనీ, మా ఆవిడనీ, అమ్మనీ తీసుకుపోయాను. లోపలికి అడుగు పెట్టగానే గుప్పున కొట్టింది ఆ వాసన. బ్లీచింగు, ఆవిరి, తడిసిన నైలాను గుడ్డలు, పక్కన బాండీలో వేగుతున్న మిరపకాయ బజ్జీలు, అన్నీ కలిసిన వాసన. మా పాప ఎగిరి గంతేసింది. నేను మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాను. ఈ వాసన తగిలి ఇరవై అయిదేళ్ళయింది, అయినా నా పాడు ముక్కు మర్చిపోలేదు.

నా చిన్నతనమంతా మాచర్ల అవతల ఒక నాపరాళ్ళ క్వారీ పక్కన గడిచింది. నిలువు బండలు పాతి గోడలు చేసి, పైన రేకులేసుకున్న ఎనిమిది ఇళ్ళ వరస మాది. నాన్న బండలు పగలదీసేవాడు, అమ్మ వాటిని మోసుకెళ్ళి లారీ దగ్గర పేర్చేది. ఎండాకాలం చెప్పుల్లేకుండా ఆ బండల మీద అడుగేస్తే బొబ్బలే, చలికాలం తెల్లారగట్ల అవే బండలు అరికాళ్ళని కొరికేవి, ఇక రాతిదుమ్ముకి కాలంతో పనిలేదు, కనురెప్పల మీదా, ఆరేసిన బట్టల మీదా, జొన్నరొట్టె మీదా, గోంగూర పచ్చట్లోనూ ఏడాది పొడుగునా ఉండేది. నీళ్ళు మాత్రం రెండు రోజులకోసారి ట్యాంకరు వస్తేనే.

అందుకని వేడినీళ్ళంటే మా వరసలో పండగ కింద లెక్క. ఆదివారం పూట ఎనిమిది ఇళ్ళకీ కలిపి ఒక్క ఇంటి ముందే కాగు పొయ్యెక్కేది, వారానికొకరి వంతు. కందికట్టె, పత్తికట్టె ఎగదోస్తుంటే ఆ పొగకి దగ్గుతూ పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. కాగు ఎవరిదైతే ఆ పూట పిల్లలందరి తలలూ ఆ ఇంటామెవే. తన పిల్లలు, పక్కింటి పిల్లలు అన్న తేడా లేదు, చేతికందిన తలకాయని ఒళ్ళోకి లాక్కుని, కుంకుడు పులుసు పోసి, గోళ్ళతో బరబరా రుద్దేసేది, కళ్ళు మండి ఏడిస్తే నాలిక మీద ఉప్పుగల్లు వేసేది. ఏ ఒక్క పిల్లయినా తలంటు లేకుండా దాటిపోయిందా, ఇంక ఆ ఇంటామె పరువు పోయినట్టే. 'కాగు పెట్టి కూడా పిల్లని వొట్టి తలతో పంపింది' అని వారమంతా చెప్పుకునేవాళ్ళు. మా అమ్మ చేతులు రాళ్ళు మోసి మోసి గరుకుదేలి ఉండేవి. అయినా అమ్మ వంతొచ్చిన ఆదివారం పిల్లలు ముందే వచ్చి కూర్చునేవాళ్ళు, తలంటు అయ్యాక తలా ఒక నువ్వులుండ పెట్టేది మరి.

నేను ఆరో తరగతిలో ఉండగా దసరా సెలవులకి అమ్మా, నేనూ, చెల్లీ హైదరాబాదులో మా మేనమామ ఇంటికి పోయాం. మావయ్య ఊరి బయట ఒక పెద్ద వాటర్ పార్కులో బాయిలరు చూసేవాడు. అక్కడ జారుడుబండలున్నాయనీ, అలలొచ్చే కొలను ఉందనీ, అన్నిటికీ మించి వేడినీళ్ళ కొలను ఒకటుందనీ మాకు చెప్పాడు. "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగుతానే ఉంటయ్ అక్కా, ఎన్ని కావాలంటే అన్ని" అన్నాడు అమ్మతో. మర్నాడు మమ్మల్ని గేటు లోపలికి పంపించి తను పనిలోకి పోయాడు. అమ్మ చేతిసంచిలో ఏం పెట్టుకొచ్చిందో నేను చూడలేదు.

లోపలికి పోగానే అమ్మనీ చెల్లినీ వేడినీళ్ళ దగ్గర వదిలేసి జారుడుబండ మెట్ల వైపు పరిగెత్తాను. వరసలో నా ముందు ఇద్దరు అన్నదమ్ములు, నీళ్ళల్లో పెట్టుకునే కళ్ళద్దాలతో ఉన్నారు. మాట కలిసింది. మీ నాన్న ఏం చేస్తాడని అడిగారు. "మాకు క్వారీ ఉంది" అన్నాను. ఉంది గదా, మాది కాదంతే, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లారీలు కూడా ఉన్నాయా అన్నారు. ఆరు, అన్నాను. ఆ ఆరు లారీల పుణ్యాన వాళ్ళు నన్ను తమ మధ్యలో నిలబెట్టుకున్నారు, నా ఛాతీ జానెడు పెరిగింది.

అప్పుడు విజిల్ మోగింది. వేడినీళ్ళ కొలను వైపు జనం పోతుంటే మేమూ పోయాం. కొలను మెట్ల మీద, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి అమ్మ కూర్చునుంది. చెల్లి ఎర్రబడ్డ కళ్ళతో, నోట్లో ఉప్పుగల్లు చప్పరిస్తా పక్కన నిలబడింది. అమ్మ ఒళ్ళో ఉన్నది చెల్లి కాదు, ఎవరి పిల్లో, పూల ఈతబట్టలు వేసుకున్న ఆరేళ్ళ పిల్ల. పక్కన ఆడుకుంటుంటే అమ్మ చేతికి తల అందింది, అంతే. "ఇంకొంచెమే తల్లీ, కళ్ళు గట్టిగా మూసుకో, జుట్టు చూడు ఎట్టా పీచయిందో" అంటూ రుద్దుతోంది. ఆ పిల్ల ఏడవను కూడా లేదు, బుద్ధిగా తల వంచుకుని కూర్చుంది. కుంకుడు నురగ నీళ్ళ మీద తెట్టులాగా కట్టి, తొక్కలు తేలుతుంటే, కొలనులో ఉన్నవాళ్ళంతా ముక్కులు మూసుకుని ఒడ్డెక్కేశారు.

ఆ పిల్ల తల్లి వచ్చి పాపని లాగేసుకుంది. "ఎవరు నువ్వు? మా పాపని ముట్టుకుంటావేంటి?" అని కేకలేసింది.

అమ్మకి తనేం తప్పు చేసిందో తెలియలేదు. "వేడినీళ్ళు గదమ్మా. పిల్లని వొట్టి తలతో ఎట్టా పంపేది?" అంది.

ఆ మాట అక్కడున్న అంతమందిలో నాకొక్కడికే అర్థమైంది. అర్థమైన నేనే అన్నదమ్ముల వెనక్కి జరిగాను.

విజిల్ ఊదిన కాపలా అతను "నీతో ఇంకెవరొచ్చారు?" అని గద్దించాడు. చెల్లి వేలు పెట్టి నన్ను చూపించింది. "అన్న" అంది.

అన్నదమ్ములిద్దరూ నా వైపు తిరిగారు. "మీ అమ్మా?" అన్నాడు పెద్దవాడు.

"కాదు. వాళ్ళెవరో నాకు తెలీదు" అన్నాను.

అమ్మ నన్ను చూసింది. ఎక్కువసేపు కాదు. చెల్లి చెయ్యి కిందికి దించి, కాపలా అతనితో, "చిన్నపిల్లయ్యా, పొరబాటు పడింది. ఆ బాబెవరో మాకు తెలీదు. మేమిద్దరమే వచ్చాం" అంది.

వాళ్ళిద్దర్నీ గేటు బయటికి నడిపించారు. చెల్లి జుట్టు ఇంకా సరిగ్గా కడగను కూడా లేదు. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు, అయినా చెప్పాలి. మళ్ళీ పోయి వరసలో నిలబడ్డాను. సాయంత్రం దాకా జారాను. జారుడుబండ పై మెట్టెక్కితే గేటు అవతల సిమెంటు బల్ల కనపడేది, దాని మీద అమ్మ చెల్లి తల తుడుస్తూ కనపడేది, ఎక్కిన ప్రతిసారీ చూసి, ప్రతిసారీ జారాను. అంత సిగ్గులేని వెధవని.

బయటికొచ్చేసరికి అమ్మ పులిహోర పొట్లం విప్పి "ఆకలైందా నాయనా" అంది. వాళ్ళు తినకుండా నా కోసం ఆగారు. జరిగింది మావయ్యకి చెప్పలేదు, ఇంటికొచ్చాక నాన్నకీ చెప్పలేదు, నా దగ్గరా ఆ మాట ఎత్తలేదు. తిట్టినా, చీపురు తిరగేసి కొట్టినా బాగుండేది. మళ్ళీ మా ఇంటి వంతొచ్చిన ఆదివారం కాగు పొయ్యెక్కింది, వరస పిల్లలందరి తలలూ అయినయ్. నేను పోయి ముందు కూర్చుంటే చెంబూ, కుంకుడు గిన్నే నా చేతికిచ్చి, "పెద్దోడివయ్యావు గదా, నువ్వే పోసుకో" అంది. గొంతులో కోపం లేదు. అంతే, ఆ తర్వాత అమ్మ చెయ్యి నా తల మీద పడలేదు. నా పెళ్ళిలో మంగళస్నానం కూడా మా పిన్ని చేత చేయించింది.

ఆ వరస ఇప్పుడు లేదు. క్వారీ గుంటలో నీళ్ళు నిండి మూతబడింది, మనుషులు మాచర్లలో తలో వీధికీ చేరారు. ఇంటింటికీ గీజరొచ్చింది, స్నానాల గదికి గడియొచ్చింది, కాగులు పాతసామాన్లవాడికి పోయినయ్. ఒకింటి పిల్లల తల ఇంకో ఇంటామె పట్టుకునే రోజులు పోయినయ్.

మొన్న ఆ కొలనులో అమ్మ పై మెట్టు మీద, నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఎవరో పిల్లాడు ఈదుకుంటూ వచ్చి, కళ్ళ మీద పడ్డ జుట్టుతో అమ్మ మోకాళ్ళ పక్కన ఆగాడు. అమ్మ చెయ్యి ముందుకు పోయింది. సగంలో ఆగి, నా వైపు చూసి, చేతిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఇంక ఉండబట్టలేకపోయాను. పోయి అమ్మ ముందు నీళ్ళల్లో కూర్చుని తల వంచాను. "నాకు తలంటవే అమ్మా. ఉత్త నీళ్ళే పొయ్యి" అన్నాను.

అమ్మ చుట్టూ ఉన్న జనాన్ని చూసింది.

"ఇక్కడొద్దులే నాయనా" అంది మెల్లగా. "నలుగురూ చూస్తారు. నీకు నామోషీ."