వేలిముద్ర పడని వేలు

నీళ్లు చల్లిన శనక్కాయల వాసన ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ కోర్టు గుర్తొస్తుంది. శనక్కాయలకూ కోర్టుకూ ఏం సంబంధమని మా ఆయన నవ్వుతాడు. ఉంది మరి. మొన్న ఊరికి పోయినప్పుడు రేషన్ షాపు దగ్గర, వేలు పెట్టే మిషను ముందు మా సుంకమ్మత్త వరుసలో నిలబడి ఉండగా, పక్కనే ఎవరో బండి మీద కాయలు ఉడకేస్తున్న ఆవిరి గాలికి ఇటు తిరిగింది. అంతే, నేను మళ్లీ పదేళ్ల పిల్లనై మా ఇంటి వసారాలో పొట్టుగుట్ట మీద కూర్చున్నాను.

కళ్యాణదుర్గం పక్కన మాది చిన్న ఊరు. ఎండాకాలం ముగింపుకొచ్చి, వాన ఇవాళ వస్తుందో రేపొస్తుందో అని అందరూ మబ్బు వైపు చూసే రోజుల్లో విత్తనం కాయలు ఒలిచే పని మొదలయ్యేది. నాయన గోనెసంచులు విప్పి వసారాలో కుప్ప పోస్తే, జేజి, అంటే మా నాయన తల్లి, చెంబుతో నీళ్లు చిలకరించి పైన తడి గోనె కప్పేది. పొట్టు మెత్తబడేకొద్దీ మట్టీ నూనే కలిసిన వాసన ఒకటి ఇంటి నిండా, మా బట్టల నిండా పట్టేది. వీధిలో ఆడవాళ్లందరూ వచ్చి కుప్ప చుట్టూ కూర్చునేవాళ్లు. మిషన్లో వేస్తే పప్పు చీలుతుంది, చీలిన పప్పు మొలవదు, కాబట్టి ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి విప్పాల్సిందే. ఆ టక్కు టక్కు చప్పుడు మధ్యలోనే ఊళ్లో కాన్పులూ కొట్లాటలూ అన్నీ మాటల్లోకి వచ్చేవి. మేం పిల్లలం జేజి చూపు తప్పించి విత్తనం పప్పు బుక్కి బెల్లం నంజుకునేవాళ్లం, మధ్యాహ్నం రాగిముద్దలోకి ఊరిబిండి, అదే శనక్కాయల పచ్చడి, పెడితే ఇంకా ఇంకా అని పీక్కుతినేవాళ్లం. నెల తిరిగేసరికి ఆడవాళ్ల బొటనవేళ్లు గీతలన్నీ అరిగి, గోరు పక్కన చీలి, నున్నటి గులకరాళ్లలా అయిపోయేవి. ఆముదం రాసుకుని మళ్లీ కూర్చునేవాళ్లు.

సుంకమ్మత్త మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. గుమ్మఘట్ట పక్క ఊరికి ఇచ్చారు. ఆమె నవ్వితే వీధి ఆ చివరికి వినిపించేది. ఆ ఏడు మాత్రం ఒక పొద్దున బస్సు దిగి, కొంగు ముఖం మీదికి లాక్కుని వచ్చి, ఎవర్నీ పలకరించకుండా కుప్ప దగ్గర కూర్చుని కాయలు ఒలవసాగింది. కొంగు జారినప్పుడు చూశాం. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది, కింది పెదవి చీలింది. అత్త మొగుడు హనుమంతు మామ కొడతాడని మా ఇంట్లో అందరికీ ముందే తెలుసు. ముద్ద గట్టిగా ఉందనో, వీధిలో ఎవరితోనో మాట్లాడిందనో, ఏదో ఒకటి. తెలిసీ అందరూ గమ్మునున్నారు. నా కోపం మామ మీద ఎంతో, ఆ గమ్మునుండటం మీదా అంతే, ఇప్పటికీ.

నెలరోజులు అత్త అట్లాగే ఒలిచింది. ఆమెను తీసుకుపోవడానికి మామ వస్తున్నాడని కబురొచ్చిన రోజు లేచి, ఒళ్లో పొట్టు దులుపుకుని, మా అమ్మతో "వదినా, నాకి స్టేషన్ చూపిచ్చు" అంది.

"ఇంటి గుట్టు వీధిలో పెడ్తావేమే" అంది జేజి.

"వీధిలోనే కొట్నాడు కదమ్మా" అంది అత్త.

అమ్మ వెంట నేనూ పోయాను. స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు అత్త చెప్పిందంతా రాసి, చదివి వినిపించి, ఆమె వేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. నల్లటి మరక పడింది, గీత ఒక్కటీ లేదు. మూడుసార్లు నొక్కినా మరకే. "ఏందమ్మా, ఇది ఏలా, గులకరాయా?" అని నవ్వి, అట్లాగే ఉంచేశాడు. సాయంత్రానికి మామను పట్టుకుపోయారు. వారంటు లేకుండానే పట్టుకుపోవచ్చునట, బెయిలు కోర్టే ఇవ్వాలట. నాలుగు రోజుల తర్వాత గానీ బయటికి రాలేదు. మా అత్త వేలి మరకకు ఇంత బలం ఉందా అని నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను.

తర్వాత రెండు ఊళ్ల పెద్దమనుషులు చావడిలో కూర్చున్నారు. ఇకమీద చెయ్యెత్తనని మామ అన్నాడు, నాయన ఆకువక్క అందుకున్నాడు. మా వైపు ఆకువక్క అందుకుంటే ఆ తగువు తెగినట్టే. కేసు కూడా దాంతోనే తెగిపోయిందని అందరూ నమ్మారు, అత్తను బస్సెక్కించారు. ఆరు నెలలు మామ చేతులు కట్టుకుని ఉన్నాడు. తర్వాత మామూలే.

రెండేళ్లకు, మళ్లీ కాయలు ఒలిచే రోజుల్లో, అత్త మా ఇంటికి వచ్చి ఉండగా సాక్ష్యం చెప్పమని కోర్టు నుంచి సమను వచ్చింది. నాయన బిత్తరపోయాడు. పెద్దమనుషుల సంతకాలున్న రాజీ కాగితం జేబులో పెట్టుకుని అత్తనూ, బస్సు బోర్డులు చదవడానికని బడి మాన్పించి నన్నూ కళ్యాణదుర్గం తీసుకుపోయాడు. అక్కడ సర్కారు తరఫు ప్లీడరు ఒక ఆవిడ. నల్లకోటు వేసుకున్న ఆడమనిషిని నేను చూడటం అదే మొదలు. కాగితం చదివి నాయన చేతికే ఇచ్చేసింది.

"ఆకువక్కతో పోయే కేసు కాదప్పా ఇది. తీసేసుకుంటామంటే మీ చేతుల్లో లేదు."

"కేసు పెట్టింది మా చెల్లెలే కదమ్మా?"

"చెప్పింది మీ చెల్లెలు. నడిపేది సర్కారు. ఆయమ్మ సాక్షి, జరిగింది జరిగినట్ల చెప్పల్ల, అంతే."

నాకు తెలిసిన సర్కారు కరువుకు గడ్డి పంచేది, బోరు వేయించేది. అంత పెద్ద సర్కారు, మా అత్త పెదవి చీలితే అది తన మీద పడిన దెబ్బ అనుకుని కోర్టుకెక్కిందా? ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

బయట వరండాలో నాయన అత్త పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఆ ఏలిముద్ర నాది కాదను సుంకీ. గీతల్లేవు, ఎవురూ నిరూపించలేరు. వాడు జైలుకి పోతే నీకి ఆ ఇల్లుండదు." నాయన చెడ్డవాడు కాదు. చెల్లెలు నిలువనీడ లేకుండా పోతుందని నిజంగానే భయపడ్డాడు.

లోపల కేసు పిలిచారు. సర్కారు ఒక పక్క, మామ ఒక పక్క. మామ ప్లీడరు ఆ పాత కాగితం అత్త ముందు పెట్టి, ఈ మరక నీ వేలిముద్రేనా అని అడిగాడు. కాదంటే అంతా అయిపోతుంది, ఆమె మళ్లీ ఆ బస్సెక్కాలి. అత్త కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తన బొటనవేలిని చూసుకుంది. ఆ వేలిని జడ్జి వైపు ఎత్తి పట్టుకుంది.

"నాదే సామీ. విత్తనం కాయలొలిచే ఏలు ఇట్లనే పడ్తాది. ఇప్పుడు అద్దుకున్నా ఇట్లనే పడ్తాది."

"కొట్టినాడా?" అని జడ్జి అడిగాడు.

"కొట్నాడు. ఆకువక్క ఇచ్చినాంక కూడా కొట్నాడు."

ఆ గొంతు ఎంత మామూలుగా ఉందంటే, కాయలు ఎన్ని సంచులని అడిగితే చెప్పినట్టుంది. నాయన తల వంచుకున్నాడు. బయటికొచ్చాక గోలీసోడా కొట్టించి చెల్లెలి చేతికిచ్చాడు. మా అత్త కంటే పెద్ద మనిషి లోకంలో ఉంటుందని నాకు ఆ రోజు అనిపించలేదు.

ఆ నేరానికి మూడేళ్ల దాకా వేయొచ్చునట. మామకు ఏడాది పడింది, జుర్మానా కూడా. పై కోర్టుకు పోయినా శిక్ష నిలబడింది, జైలుకు పోయివచ్చాడు. ఆ తర్వాత మన రాష్ట్రంలో ఈ కేసులకు కోర్టు ఒప్పుకుంటే రాజీ పడే వీలొచ్చింది. ఇంకొన్నాళ్లకు, కాపురమున్న ఇంట్లోంచి నన్ను గెంటకుండా చూడమని ఆడమనిషి కోర్టును అడిగే చట్టమూ వచ్చింది. అదే అప్పుడు ఉంటే నాయన భయానికి జవాబు దొరికేది. అది లేకుండానే అత్త ఆ మాట చెప్పింది, మా వసారా పక్క గదిలో ఉండిపోయింది.

ఇప్పుడు మా ఊళ్లో చేత్తో కాయలు ఒలిచేవాళ్లు లేరు. మిషను ట్రాక్టరు మీద వచ్చి పూటలో ఒలిచిపోతుంది, లేదంటే విత్తనాలు సంచుల్లోనే వస్తాయి. ఆ కుప్ప లేదు, జేజి లేదు. చుట్టూ కూర్చున్నవాళ్లు ఎవరింట్లో వాళ్లు టీవీ ముందున్నారు. అత్త వేలికి మాత్రం గీతలు తిరిగి రాలేదు.

రేషన్ షాపులో వేలు పెట్టే మిషను మూడోసారీ ఎర్రలైటు చూపించింది. షాపు పిల్లవాడు విసుక్కున్నాడు. "ఇది నీ ఏలు కాదంటాండాది అవ్వా."

"నాదేనప్పా" అంది అత్త, కొంగుతో బొటనవేలు తుడుచుకుంటూ. "జడ్జి ముందరే నాదేనని చెప్పినా, నీ మిషన్‌కి చెప్పలేనా?"

అని మళ్లీ పెట్టింది.