పాన్ న్యో దవడ

బర్మాలో, మాండలేలో మా వీధి మొగన కిళ్ళీ కొట్టు ఊ పాన్ న్యోది. వక్కకి అందరూ అడకత్తెర వాడితే ఆయన పళ్ళు వాడేవాడు. గిరాకీ కళ్ళెదుటే ఒకటి పటుక్కున కొరికి, "చూశావా, పుచ్చు లేదు!" అనేవాడు. కొట్టు పేరంతా ఆ పటుక్కు మీదే నిలబడింది.

వానలు మొదలైన వారం వక్క పగల్లేదు, పన్ను పగిలింది. తమాషా ఏమిటంటే కొరికితే నొప్పి లేదు, వదిలితేనే ప్రాణం పోయేది. ఆయన బాగా ఆలోచించి వైద్యం కనిపెట్టాడు: వదలకపోవడం. దవడ బిగించి కూర్చున్నాడు. బేరాలు చేత్తో, తిట్లు కనుబొమలతో. గంజి మాత్రం పళ్ళసందుల్లోంచి పీల్చేవాడు.

"పెళ్ళయ్యాక ఇల్లింత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. కానీ గిరాకీలంతా ఎదురు కొట్టు కో డిన్ దగ్గరికి పోతున్నారే!" అంటూ భార్య డో మ్యా యీ ఆయన్ని పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

"పగులు వేరు దాకా దిగితే పీకెయ్యాలి బాబాయ్. దిగకపోతే తొడుగేస్తా. ముందు ఏ పన్నో తెలియాలి," అంది డాక్టరమ్మ ఈ ఫ్యూ.

పీకడం మాట విని ఆయన మూలుగుతూ నోరు తెరిచాడు. లైటు వేస్తే లోపలంతా ఎర్రగా గార కట్టి ఉంది. పగులు చూపించే రంగు పూసినా ఎరుపులో కలిసిపోయింది. ఇక పుల్లే గతి. ఒక్కో పన్ను మీద పెట్టి కొరికించి వదిలించాలి. ఆయన మొదటి పన్నుకే పుల్ల పట్టుకుని వదల్లేదు.

"వదలండి బాబాయ్."

ఊహూఁ.

"మీ సున్నంలో ఇసకుందటగా?"

"ఎవడన్నాడు!" నోరు తెరుచుకుంది. నొప్పి లేదు. రెండో పన్నుకీ అదే మొండితనం.

"మీ ఆకులు నిన్నటివట."

"అబద్ధం!" నొప్పి లేదు. మూడో పన్నుకి డాక్టరమ్మ దగ్గర మాటలైపోయాయి. అప్పుడు డో మ్యా యీ గొంతు సవరించుకుంది.

"ఏవయ్యా, నిజం చెప్పనా? నేను కూడా కో డిన్ కిళ్ళీయే వేసుకుంటున్నా."

ఆ కేక వీధి చివరి టీకొట్టు దాకా వినిపించింది.

"ఇది పన్ను నొప్పా, మాట నొప్పా? ఇంకోసారి కొరకండి," అంది డాక్టరమ్మ.

రెండోసారి ఎవరూ మాట అనకుండానే, పుల్ల వదలగానే కేక వచ్చింది. పన్ను దొరికింది. పగులు వేరు దాకా దిగలేదు.

తొడుగుకి రంగు ఎంచబోతే ఆమె దగ్గరున్న నమూనాల్లో ఆయన పళ్ళ రంగే లేదు. తెల్లదే వేసింది. ఇప్పుడు అంత ఎర్ర నోట్లో అదొక్కటే మెరుస్తుంటే చూడ్డానికే జనం వస్తున్నారు. వక్క మాత్రం అడకత్తెరతోనే.

తొడుగు వేసిన రోజు సాయంత్రం కొట్టు తెరుస్తూ, "ఏమే, ఆ మాట నిజమేనా?" అన్నాడు.

డో మ్యా యీ ఆయన కట్టిన కిళ్ళీ నోట్లో పెట్టుకుని, దవడ బిగించింది.