నోట్లో ఉన్న కీర్తన

పెద్దవాళ్ళకు పాఠం చెప్పేవాళ్ళకు శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. పెద్దవాళ్ళు ఖాళీ చేతులతో రారు, వాళ్ళకు తెలిసినదాని దగ్గరే మొదలుపెట్టండి, నలుగురిలో తప్పు పట్టకండి అని సిటీ ఆఫీసులో ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. ఆ మాటలన్నీ ఒక్క సాయంత్రం నేనే తుంగలో తొక్కాను. అదీ దేవుని పేరు చెప్పి.

మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక, చేవెళ్ల దారిలో రేకుల షెడ్డులో కూడుకునే మా చర్చి సంఘంలో చదువు రాని ఆడవాళ్ళకు శనివారం సాయంత్రాలు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. ఎనిమిది మంది వచ్చేవారు. అందరిలోకీ పెద్దది పక్కనున్న చిన్న మంగళారం ఊరి అవ్వ. చామంతి తోటలో కూలికి పోయేది. ఆదివారం ఆరాధనలో ముందు నిలబడి బైబిల్లోని ఒక కీర్తన చదవాలని ఆమె కోరిక. ఒక్కసారి చాలనేది.

రెండు నెలలకే అవ్వ ఆ కీర్తనను తడబడకుండా చదివేసింది. నా బోధన ఫలించిందని పాస్టరుగారి దగ్గర చెప్పుకుని, వచ్చే ఆదివారం వాక్యపఠనం ఆమెకు ఇప్పించాను. ముందురోజు మరోసారి చదివిస్తుంటే కంటపడింది: నోరు మూడో వచనంలో ఉంది, వేలు ఇంకా మొదటి వరసలోనే ఉంది. పుస్తకం లాక్కుని, మధ్యలో ఒక మాట చూపించాను.

"ఇదేం మాట?"

అవ్వ కీర్తనను మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

"అవ్వది రేడియో, టీచరమ్మా! మధ్యల స్టేషన్ మారిస్తె ఎట్ల?" అంది పక్కనున్నామె. అందరూ నవ్వారు. పాస్టరుగారికి చెప్పిన గొప్పలు గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నాళ్ళూ చదువుతున్నట్టు నటించావా? మందిరంలో అబద్ధమా అవ్వా?"

ఆమె కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆదివారం ఆ కీర్తన నేనే చదివాను, గట్టిగా, స్పష్టంగా. పై శనివారం అవ్వ రాలేదు.

తోటకు వెళ్ళాను. పూలు తెంపుతూనే, "చెప్పులు ఆడ ఇడ్వుండ్రి, బురదున్నది," అంది.

"క్షమించమని అడగడానికొచ్చాను అవ్వా."

"అన్నది నల్గురిల. అడిగేది నా ఒక్కదాని ముంగట్నా?"

తెంపిన పూలు గంపలో పోసి ఆమే మళ్ళీ అంది: "మా ఆయన పోయినప్పటిసంది రోజు గా కీర్తన చెప్పుకుంటనే పండుకుంటున్న. గది అబద్ధమెట్లయితది? నా నోట్లున్నది కాయిదం మీద ఏడున్నదో చూపిస్తరని వచ్చిన, గంతే."

నేను ఉద్యోగంలో చెప్పే పాఠం అదే.

తర్వాతి శనివారం క్లాసులో మిగతా ఏడుగురి ముందు నిలబడ్డాను. అవ్వ అబద్ధమాడలేదనీ, నా గొప్ప పోయిందన్న కోపంతో ఆమెను అవమానించాననీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. రేడియో అన్నామే ఆ మాట మోసుకెళ్ళినట్టుంది, తర్వాతి వారం అవ్వ వచ్చి తలుపు పక్కన కూర్చుంది. కీర్తనను ఒక్కో మాటగా చెప్పమన్నాను. చెప్పిన ప్రతి మాట దగ్గరా ఆమె వేలు పెట్టించాను. కొన్ని వారాలకు ఎక్కడ చూపినా ఆ మాట చెప్పగలిగింది.

"ఆదివారం చదువుతావా అవ్వా?" అని అడిగాను.

"నేన్ చెప్తగా, అప్పుడు."

ఇంకా చెప్పలేదు. ప్రతి ఆదివారం వాక్యపఠనం వేళ ఎవరు లేస్తారా అని సంఘమంతా చూస్తుంది. నేను మాత్రం అవ్వ వైపు చూడకుండా, తల వంచుకుని నా మోకాళ్ళు చూసుకుంటాను.